నీరు: చేదు

జనవరి 11

నా గువ్వకి,

ఓడ కిటికీలోంచి ఎగిరిపోయిన పిట్ట ఇరవై రెండేళ్ళకి ముక్కున ఉత్తరం పెట్టుకుని వాలినట్టుంది. నీ మేనమామ దీవెన అందుకో.

ఫోను చెయ్యమని నంబరు రాశావు. చెయ్యను. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట మెడకి పడుతుంది. అపొస్తలులు చెరసాలలో కూర్చుని కూడా ఉత్తరాలే రాశారు గాని ఎవరికీ మిస్డ్ కాల్ ఇవ్వలేదు.

నువ్వడిగిన మూడు పుస్తకాలూ పార్సిల్లో పంపుతున్నాను. జిరాక్సులు చాలన్నావు. మనుషుల పేర్లకి నకళ్ళు తీయడం నాకు ఇష్టం లేదు. అసలువే తీసుకో. ముప్ఫయ్యొక్క ఏళ్ళు, ఆరువందల పన్నెండు మంది. మన రేవు విడిచిపోయిన ప్రతి మనిషీ అందులో ఉన్నాడు.

అయిదేళ్ళ పిల్లవి అప్పుడు, నీకు జ్ఞాపకం ఉండదు. మన ప్రార్థన హాలు ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ. మూతపడి గబ్బిలాలు చేరితే నేను ఊడ్చుకున్నాను. బోటు ఇంజన్లు బాగుచేసుకునేవాణ్ణి, బడి గడప తొక్కనివాణ్ణి, గ్రంథం ముందేసుకుని అక్షరం పక్కన అక్షరం పెట్టి చదవడం నేర్చుకున్నాను. నోరు తెరిస్తే జనం విన్నారు. అంతే, బోధకుణ్ణయ్యాను.

హాలు వెనక బావి ఉంది. ఊరు విడిచేవాళ్ళు వెళ్ళే రోజు ఉదయం వస్తారు. స్టీలు గ్లాసులో ఆ బావి నీళ్ళు ఇస్తాను. సగం వాళ్ళు తాగుతారు, మిగతా సగం నేను తాగుతాను. పుస్తకంలో రాస్తాను: పేరు, తేదీ, ఎక్కడికి, ఎందుకు, నీరు, గమనిక. ఆపైన కొత్త ఊళ్ళోని సంఘానికి సాక్ష్యపత్రం ఇస్తాను, ఈ మనిషిని చేర్చుకోండి అని. ఆ పత్రం ఉంటే తలదాచుకోను చోటు దొరుకుతుంది.

రెండో పుస్తకంలో ఒకచోట రెండు పేజీలు అతుక్కుని ఉంటాయి. విడదీయకు. అతికించింది నేనే.

వెళ్ళిపోయినవాళ్ళ కోసం గది కడుతున్నానన్నావు. ప్రార్థన గది అని అర్థమైంది. ఈ కాలపు పిల్లకి ఆ బుద్ధి పుట్టడమే గొప్ప. ఈ ఉత్తరాల సంగతి మీ అమ్మకి చెప్పావా అని నేను అడగను. తనంతట తాను అడిగితే తప్ప నా క్షేమం చెప్పకు. చెప్పడానికీ ఏం లేదు. కాళ్ళు కాస్త వాస్తున్నాయి, పాత చెప్పులు పట్టడం లేదు. బావి పంపు రాడ్డు మళ్ళీ విరిగితే ఇవాళే కొత్తది వేశాను.

మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నిన్ను మరవని
మావయ్య

ఫిబ్రవరి 3

మావయ్యకి నమస్కారం,

పుస్తకాలు చెక్కుచెదరకుండా చేరాయి. ప్లాస్టిక్ మూడు చుట్లు, దానిపైన ఇంజను బెల్టుతో కట్టు! విప్పడానికి గంట పట్టింది. మా ప్రోగ్రామర్ "మీ మావయ్య పుస్తకాలు పంపాడా, గేరుబాక్సు పంపాడా?" అన్నాడు. మిస్డ్ కాల్ మాట చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వాడు. ఆ ముక్క గోడకి అంటించుకున్నాడు కూడా.

గది ఎలా ఉంటుందో చెప్తాను. ఒక పాత గోడౌను. కిటికీలన్నీ మూసేశాం. నాలుగు గోడల మీదా, నేల మీదా ప్రొజెక్టర్ల వెలుగు పడుతుంది. మధ్యలో నిలబడితే సముద్రంలో నిలబడ్డట్టే ఉంటుంది. రేవులో నీటి మట్టం కొలిచే స్తంభం ఉంది కదా, దాని కొలతలు ముప్ఫయ్యేళ్ళవీ దొరికాయి. అవే గోడల మీద అలలు. ఏటికేడాది గోరంత గోరంత పైకి వస్తుంటాయి. మీ పుస్తకంలోని ఒక్కో పేరూ నేల మీద ఒక్కో వెలుగు చుక్క. ఆ మనిషి వెళ్ళిన తేదీ రాగానే చుక్క ఊరు వదిలి గుమ్మం వైపు కదులుతుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు పద్దెనిమిది నిమిషాల్లో గడిచిపోతాయి. చివరికి ఊరు చీకటైపోతుంది.

ప్రార్థన గది అన్నారు. ఒకరకంగా అలాంటిదే అనుకోండి.

ఒక అనుమానం. 'నీరు' గడిలో కొందరికి తీపి అనీ, కొందరికి చేదు అనీ రాశారు. అంటే ఏమిటి? టైపు చేస్తున్న అమ్మాయి ఆ గడి వదిలేద్దామంది. నేను ఒప్పుకోలేదు. అంత శ్రద్ధగా ముప్ఫయ్యొక్క ఏళ్ళు రాసినదాన్ని వదిలేయడానికి మనసొప్పలేదు. గమనికలు మాత్రం ఇంకా ఎక్కించలేదు, మీ చేతిరాత కొంచెం ఇంజను ఆయిల్లో ముంచినట్టుంది, ఏమీ అనుకోకండి.

అమ్మకి చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులని లాండ్రీ పని మానేసింది గాని, ఇంట్లో ఇస్త్రీ మానదు. మీ పేరెత్తితే వేడి ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చల్లినట్టు సుయ్యిమంటుంది. ఏం జరిగిందని అడిగితే ఇంకో చొక్కా అందుకుంటుంది. మీరైనా చెప్పకూడదూ?

చెప్పులు కొత్తవి కొనుక్కోండి, ఒక సైజు పెద్దవి.

మీ గువ్వ

ఫిబ్రవరి 19

గువ్వా,

చేదంటే ఏమిటని అడిగావా! నీకెవరూ వాక్యం చెప్పలేదన్నమాట. అరణ్యంలో జనం నాలుక పిడచగట్టి ఒక నీటి దగ్గరికి వస్తే ఆ నీరు చేదైపోయింది. ఎందుకైంది? గొణిగే నోటికి ఏ నీరైనా చేదే. ఇది నాకు ఏ గురువూ చెప్పలేదు, ఇంజను కింద పడుకుని ఉండగా తట్టింది.

వీడ్కోలు రోజు నేను ఉపవాసం. తెల్లవారినప్పటి నుంచి పెదవి తడపను. వెళ్ళే మనిషి తాగి ఇచ్చిన సగం గ్లాసు నా నాలుక మీద పడగానే ఆ హృదయం రుచి నాకు తెలిసిపోతుంది. తీపి అయితే విశ్వాసంతో వెళ్తున్నాడు. చేదైతే గొణుగుతూ, దేవుడి మీద నమ్మకం చచ్చి వెళ్తున్నాడు. మొదటి తొమ్మిదేళ్ళూ ఒక్క చేదు లేదు. ఆ తర్వాత ఒకటీ రెండూ. ఇప్పుడు పదిమందిలో ఏడుగురు. అంత్యదినాల్లో ప్రేమ చల్లారిపోతుందని ఊరికే అన్నారా?

చేదు తగిలినవాడికి సాక్ష్యపత్రం ఇవ్వను. ఆ మాట హాలులో అందరి ముందూ చెప్తాను. మన బెంచీలన్నీ ఊరికే చేసిపెట్టిన ముసలి వడ్రంగి, కొడుకు దగ్గరికి పోతానని వచ్చాడు. చేదు. నా కాళ్ళు పట్టుకున్నాడు. "అయ్యా, నేనేం తప్పు చేశాను?" అన్నాడు. నేను కరగలేదు. న్యాయాధిపతి కరిగితే తీర్పు వంకరపోతుంది. ఊరు విడిచిపోతానని వచ్చిన ఒక పొడుగాయనకి మాత్రం తేనెలా తీపి తగిలింది, పత్రం రాసిచ్చాను. కొత్త ఊరి సంఘంలో మైకుసెట్టు ఎత్తుకుపోయాడని తర్వాత తెలిసింది. సాతాను తీపిలో కూడా దూరగలడు, ఏం చేస్తాం.

మొత్తం రెండువందల పద్నాలుగు మంది చేదు. వాళ్ళ కోసం నీ గదిలో ప్రత్యేకంగా ప్రార్థన పెట్టించు.

మీ అమ్మకీ నాకూ ఏం జరిగిందో అడగకు. ఉప్పు స్తంభమైపోయిన ఆవిడ కథ ఉంది కదా, వెనక్కి తిరిగి చూడొద్దనే దాని సారం.

మెలకువగా ఉండమని హెచ్చరిస్తూ
మావయ్య

మార్చి 12

లెక్కలు కట్టే పిల్లకి,

నిన్ను దీవిస్తూ మొదలుపెట్టడానికి నా చెయ్యి రాలేదు.

మన రేవు విడిచిపోయిన టైలరమ్మ మీ నగరంలోనే ఉంటోంది. నీ గది చూసొచ్చి కిరాణా కొట్టుకి ఫోను చేసి భోరున ఏడ్చిందట. "అయ్యగారికి చెప్పండి, మన పేర్లని చెప్పులేసుకుని తొక్కుతున్నారు. నా పేరు మీద ఎవడో ఐస్‌క్రీం నాకుతూ నిలబడ్డాడు" అని. టిక్కెట్టు కూడా పెట్టారట! ప్రార్థన గది అన్నావు. ఇది సంతా, సర్కసా?

పూర్వం ఒక రాజు తన జనాన్ని లెక్కపెట్టించాడు. చిన్న పనిలా అనిపిస్తుంది. దేశం మీదికి మూడు రోజుల తెగులు వచ్చింది. మనిషిని అంకె చేసినవాణ్ణి దేవుడు ఊరుకోడు. నువ్వు వాళ్ళని అంకె కూడా చెయ్యలేదు, నేల మీద మచ్చ చేశావు.

పుస్తకాలు తిరిగి పంపు. మూడూ పంపు.

నీ మావయ్యనే, ఇంకా

మార్చి 20

కోపంలో ఉన్న మావయ్యకి,

ఒక్క సంగతి విని తర్వాత తిట్టండి. ఆ చుక్కల్ని ఎవరూ తొక్కలేరు. పైన కెమెరాలు పెట్టాం, పాదం దగ్గరికి రాగానే చుక్క పక్కకి తప్పుకుంటుంది. ఎంత పరిగెత్తినా దొరకదు. మనం నడుస్తుంటే వాళ్ళు జరగాల్సి వస్తుంది, అదే ఆ గది చెప్పే మాట. టైలరమ్మగారు గుమ్మంలోంచే చూసి ఏడుస్తూ వెళ్ళిపోయారు. నేనే వెళ్ళి తీసుకొస్తాను. ఇక ఐస్‌క్రీం అబ్బాయిని కాపలాదారు బయటికి పంపేశాడు.

రాజు లెక్కపెట్టిన కథ చెప్పారు. నూరు గొర్రెల కాపరి కథ కూడా మీదే కదా? ఆయన లెక్కపెట్టకపోతే ఒకటి తప్పిపోయిందని ఎలా తెలిసేది?

ఇప్పుడు అసలు విషయం. ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించాను.

తీపి వాళ్ళకి తెలుపు, చేదు వాళ్ళకి పసుపు రంగు ఇచ్చాం, అందంగా ఉంటుందని. అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు. మొదటి వారం ఒకావిడ వచ్చారు, భూగర్భ జలాల మీద పనిచేసే పరిశోధకురాలు. పద్దెనిమిది నిమిషాలు చూశారు. మళ్ళీ చూశారు. మూడోసారి సగంలో నేల మీద కూర్చుండిపోయారు. కళ్ళు తిరిగాయేమోనని నేను పరిగెత్తాను.

"ఈ పసుపు ఏమిటి?" అన్నారు.

"చేదు. మా మావయ్య రుచి చూసి రాశారు."

"ఆయన ఏ ల్యాబులో పనిచేస్తారు?"

"బోటు ఇంజన్ల మెకానిక్కండీ."

ఆవిడ నవ్వలేదు. సముద్రం మట్టం పెరిగేకొద్దీ ఉప్పునీరు నేల అడుగు నుంచి ఒడ్డు బావుల్లోకి తోసుకొస్తుందట. పోటు ఎక్కువున్నప్పుడు, ఎండాకాలంలో ఉప్పు పెరుగుతుంది, వానలు పడితే తగ్గుతుంది. ఆ ఉప్పు కాస్త ముదిరితే నాలుకకి చేదుగానే తగులుతుందట. మన తీరంలో దీన్ని కొలవడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళే అయింది. ఆ ఎనిమిదేళ్ళ కొలతల పక్కన మీ గడి పెట్టి చూశాం. పదింట తొమ్మిది సరిపోయాయి. దానికి ముందు ఇరవై మూడేళ్ళకి ఈ ఒడ్డున రికార్డు అంటూ ఉంటే అది మీ పుస్తకమే.

వడ్రంగి తాత వచ్చింది నడి ఎండాకాలం, పౌర్ణమి పోటు మర్నాడు. మైకుసెట్టు పొడుగాయన వచ్చింది వారం రోజులు ఆగకుండా వాన కురిశాక.

మావయ్యా, మీరు ముప్ఫయ్యొక్క ఏళ్ళు రుచి చూసింది హృదయాల్ని కాదు. బావిని.

ఇక్కడితో ఆపుతాను.

గువ్వ

ఏప్రిల్ 2

నగరంలో ఉన్న మేనకోడలికి,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి మూడు రోజులు దాని చుట్టూ తిరిగాను, పామును చూసినట్టు.

యంత్రంతో నన్ను తూకం వేయించావా? పిల్లా, నేను ఆ నీళ్ళు రోజూ తాగుతున్నాను. మిగిలిన పదకొండు ఇళ్ళవాళ్ళూ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని వరస కడతారు. అది అవిశ్వాసమని పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. నేను ఒక్క చుక్క ట్యాంకరు నీరు ముట్టలేదు. బావిలో ఉప్పుంటే ముందు నాకు తెలియదా? మామూలు రోజున మామూలుగానే ఉంటుంది. వీడ్కోలు గ్లాసులోనే ఆ రుచి. దీనికి మీ పరిశోధకురాలు ఏమంటుంది? ఉపవాసం ఉన్న నాలుకకి ఎక్కువ తెలుస్తుందంటుందా? అనమను. నేనూ అదే కదా అంటున్నాను!

ఎండాకాలం, పోటు, వాన, ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? మనుషుల గుండెలు ఎండిన కాలంలో నేలా ఎండితే ఆశ్చర్యమా?

వడ్రంగి కళ్ళు మాత్రం ఈ మూడు రోజులూ నన్ను వదల్లేదు. అది వేరే సంగతి.

పుస్తకాలు రాలేదు.

మావయ్య

ఏప్రిల్ 17

మావయ్యా,

రెండో పుస్తకంలో అతికించిన పేజీలు నేను విడదీయలేదు. ఒట్టు. ఇక్కడ స్కానింగు గదిలో ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడుస్తుంది. మీ ఊరి తేమకి అతుక్కునున్న జిగురు ఈ పొడి గాలికి ఎండి పెచ్చులా లేచింది. నిన్న పుస్తకం తెరిస్తే పేజీ దానంతటదే తెరుచుకుంది.

మీరు రాసిందే మీకు రాస్తున్నాను.

పేరు గడిలో అమ్మ పేరు.
ఎందుకు: "బావి నీళ్ళు చెడిపోతున్నాయట. పిల్లకి కడుపునొప్పి తగ్గడం లేదట."
నీరు: "చేదు."
గమనిక: "తప్పు నీటి మీదకు నెట్టింది. సాక్ష్యపత్రం ఇవ్వలేదు."

ఆ కడుపునొప్పి పిల్ల నేనే.

మీ చేదు జాబితాలో అమ్మే మొదటిది. శాస్త్రవేత్తలు ఇప్పుడు చెప్పింది అమ్మ ఇరవై రెండేళ్ళ కిందట మీ హాలులో నిలబడి చెప్పింది. మీరు దాన్ని నేరం కింద రాసుకున్నారు.

ఈ నగరంలో దిగిన రోజు నాకు కొంచెం కొంచెం గుర్తుంది. ఆకుపచ్చ తలుపు తీసి ఒకాయన "పత్రం ఏదీ?" అన్నాడు. తలుపు మూసుకుంది. ఆ తర్వాత లాండ్రీ వెనక గది, ఆవిరి వాసన, మూటల మీద నిద్ర. నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా అదే ఇల్లు.

నిన్న అమ్మని సూటిగా అడిగాను. "నా సగం నేను తాగాను. వాడి సగం నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. గ్లాసులో మిగిలింది గడప మీద పారబోశాడు, అందరూ చూస్తుండగా" అంది. ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసింది.

మొదటి చేదు కూతురు

మే 21

గువ్వా,

అలా పిలిచే అర్హత ఉందో లేదో. పిలిచాను.

నువ్వు నెలపాటు జవాబు కోసం చూసి ఉంటావు. నేను నెలపాటు ఇనుము వంక చూశాను.

నా షెడ్డు మూలన బావి పంపు పాత రాడ్లు ఉన్నాయి. మెకానిక్ అలవాటు, ఏదీ పారేయను, తీసిన తేదీ దాని మీద గీకుతాను. ఏడు రాడ్లు. నీ ఉత్తరం వచ్చిన రోజు వాటిని వరసగా నేల మీద పరిచాను. మొదటిది తొమ్మిదేళ్ళు పనిచేసింది. మీ అమ్మ వెళ్ళిన ఏడాదే విరిగింది. రెండోది ఆరేళ్ళు. మూడోది అయిదు. ఆపైన నాలుగు, మూడు, రెండున్నర. ఈ జనవరిలో తీసింది ఏడాదిన్నర. ఒక్కోటీ చెదపట్టిన కర్రలా ఉంది. ఉప్పు తిన్న ఇనుము ఎలా ఉంటుందో నాకు తెలియదా? బతుకంతా సముద్రంలో తిరిగిన ఇంజన్లు విప్పినవాణ్ణి. అదే తుప్పు నా చేతులతో ఏడుసార్లు తుడిచాను, తుడిచిన చేతులతోనే గ్లాసు పట్టుకున్నాను.

ఇనుముకి హృదయం లేదు కదా గువ్వా. దానికెందుకు చేదు తగిలింది?

ఆదివారం ఉపవాసం ఉండి అందరి ముందూ బావి నీళ్ళు తోడాను. ఎవరి పెదవీ తగలనివ్వలేదు. ముందు నేనే తాగాను. చేదు. మళ్ళీ తోడాను. చేదు. వడ్రంగి చేసిన బెంచీ మీదే కూలబడ్డాను.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. రాళ్ళు వేస్తారనుకున్నాను. ముందు వరసలో ముసలమ్మ లేచి, "అయ్యా, నీళ్ళు ఉప్పని మాకు ఎప్పుడో తెలుసు. అందుకేగా ట్యాంకరు. నువ్వు చేదు చేదు అంటుంటే మా నాలుకలకి అందని రుచి మరేదో ఉందేమో అనుకున్నాం" అంది. వెనకాల ఎవరో నవ్వారు. ఆ నవ్వు కంటే రాయి తేలికగా ఉండేది. ఊరందరికీ తెలిసిన ఉప్పు నా ఒక్కడికి తెలియలేదు.

వెనక్కి చూసినందుకు ఆవిడ ఉప్పు స్తంభమైంది. వెనక్కి చూడనందుకు నేనయ్యాను.

సాక్ష్యపత్రాలు రాస్తున్నాను. రెండువందల పద్నాలుగు. తొంభై మందివే చిరునామాలు దొరికాయి. వడ్రంగి పత్రం తిరిగొచ్చింది, కవరు మీద "మనిషి లేరు" అని రాసి ఉంది. దాన్ని బెంచీకి మేకు కొట్టాను.

అక్కకి రాద్దామని ఏడుసార్లు కూర్చున్నాను. 'అక్కా' అన్న మాట దాటి కలం కదలలేదు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. నేను అన్నం తినకపోతే తాను కూడా తినేది కాదు. ఆమె ఇచ్చిన గ్లాసుని పారబోశాను. పత్రం మాత్రం రాయగలిగాను, ఇందులో పెట్టాను. ఇరవై రెండేళ్ళు ఆలస్యం. చదివి వినిపించు. చించేస్తే చించనివ్వు.

నేల మీద ముఖం పెట్టుకుని
మావయ్య

జూన్ 8

మావయ్యా,

మొదటి ఉత్తరం నుంచి అన్నీ అమ్మకి చదివి వినిపించాను. దిండుగలీబులు మడతపెడుతూ విన్నది. మిస్డ్ కాల్ దగ్గర ఆమె పెదవి కదిలింది. పత్రం చేతికిచ్చాను. చదివి, గలీబు మడతపెట్టినట్టే నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. చించలేదు.

"ఆ గది చూపించు" అంది. అదే మొదటిసారి.

చెప్పులు ఉంచుకోవచ్చన్నా గుమ్మంలో విడిచేసింది. టైలరమ్మగారు కూడా వచ్చారు, అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. తొమ్మిదేళ్ళు గడవగానే తెల్లచుక్కల మధ్య, అతుకు విడిన పేజీ నుంచి నేను కొత్తగా చేర్చిన ఒక్క పసుపు చుక్క బయల్దేరింది. "నువ్వేనమ్మా" అన్నాను. అమ్మ దాని వెనకే రెండడుగులు వేసింది. అది తప్పుకుంది. వేస్తే మళ్ళీ తప్పుకుంది. "అచ్చం అలాగే పోయాను" అంది.

పద్దెనిమిది నిమిషాలూ అయ్యాయి. ఊరంతా చీకటి. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం హాలు ఉండాల్సిన చోట చీకట్లో వెతుకుతూ నిలబడింది.

"వాడేడీ?"

"ఎవరమ్మా?"

"మీ మావయ్య. వాడి చుక్క ఏదీ?"

"ఇవి వెళ్ళిపోయినవాళ్ళవమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. "అయితే వాడింకా ఆ నీళ్ళే తాగుతున్నాడా?"

పక్కనే పరిశోధకురాలు ఉన్నారు, ఆవిడ ముఖం పాలిపోయింది. నాలుగు నెలలుగా ఇంతమందిమి మీ రుచులు కొలిచాం, రంగులు వేశాం, వ్యాసం రాస్తున్నాం. రోజూ ఆ నీళ్ళు తాగుతున్న మనిషి ఒకడున్నాడని ఒక్కరికీ తట్టలేదు. "కాళ్ళు వాస్తున్నాయి" అని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. చెప్పులు పెద్దవి కొనుక్కోమన్నాను నేను!

బీపీ, కిడ్నీలు వెంటనే చూపించుకోవాలని ఆవిడ అంటున్నారు. అమ్మ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ముందు ఆ నీళ్ళు మానమను. తర్వాత బండెక్కమను. తిట్టేవి చాలా ఉన్నాయి, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను. నా చేతిలో పెరిగినవాడు ఉప్పునీళ్ళు తాగి చస్తే తిట్టడానికి నాకెవరు మిగుల్తారు?"

మూడో పుస్తకం దీంతో పంపుతున్నాను. చివర గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

ఈసారైనా ఫోను చెయ్యండి మావయ్యా.

గువ్వ

జూన్ 15

గువ్వకి, గువ్వ పక్కన కూర్చుని వింటున్న అక్కకి,

కిరాణా కొట్టులో ఫోను ఎత్తాను. నంబరు నొక్కి, అక్క "ఎవరూ?" అనగానే పెట్టేశాను. అది నేనే. అపొస్తలులు నన్ను క్షమించాలి.

బావికి తాళం వేశాను. ముసలమ్మ పంపిన ట్యాంకరు బిందె మూడు రోజులుగా తాగుతున్నాను. ఎంత తియ్యగా ఉందో చెప్తే సిగ్గుచేటు. హాలు తాళం కూడా ఆమెకే ఇచ్చాను. ఓడ కట్టినవాడు అందరినీ దింపి ఆఖర్న దిగాడు. నేను దిగినవాళ్ళందరినీ తిట్టి ఆఖర్న దిగుతున్నాను.

ఈ ఉదయం ఉపవాసం ఉండి, బావి తాళం ఒక్కసారి తీసి, చివరిసారి సగం గ్లాసు తాగి పుస్తకం తెరిచాను. ఆరువందల పదమూడో వరస. పేరు గడిలో నా పేరు రాశాను, ఆ పుస్తకంలో అది రాయడం ఇదే మొదలు.

ఎక్కడికి: అక్క దగ్గరికి.
ఎందుకు: బావి నీళ్ళు చెడిపోయాయి.
నీరు: చేదు.
గమనిక: తప్పు నీటిది కాదు, రుచి చూసినవాడిది. సాక్ష్యపత్రం ఇచ్చేవాళ్ళు ఇక్కడ లేరు.

పత్రం లేకుండానే వస్తున్నాను. మీ ఇంటి తలుపు ఏ రంగో తెలియదు.

మిగతా సగం తాగడానికి ఎవరూ లేరు కాబట్టి బావిలోనే పోశాను. గ్లాసు కడిగి సంచిలో పెట్టుకున్నాను. ఖాళీగానే తెస్తున్నాను అక్కా. మీ నీళ్ళు పొయ్యి. ముందు నువ్వు సగం తాగి ఇయ్యి.

తమ్ముడు